నూనె బొట్టు నుంచి కల్చర్ రిపోర్టు దాకా

హేతువాదులకి కూడా మూఢనమ్మకాలు ఉంటాయి. ఎవరినో ఎత్తిపొడవడానికి ఈ మాట అనడం లేదు, నా గురించే రాసుకుంటున్నాను.

2011 వేసవిలో మా అమ్మకి 81 ఏళ్ళు. ఒకరోజు సాయంత్రం ఉన్నట్టుండి మాట తేడాగా వచ్చింది. పోయి ఇరవై ఏళ్ళయిన నాన్నకి అన్నం వడ్డించమంది. నన్ను చూసి "ఎవరు బాబూ మీరు?" అని అడిగింది. రాత్రంతా నిద్రపోలేదు. గోడ మీద చీమలు పాకుతున్నాయంటూ చేత్తో తుడుస్తూ కూర్చుంది. తెల్లారేసరికి మా పిన్ని ఊళ్ళోంచి దిగింది. "ఒరే అబ్బాయ్, నీ హేతువాదం నీ దగ్గరే పెట్టుకో. అక్కకి గాలి సోకింది, ముందు ఆ సంగతి చూడు" అని అమ్మ చేతికి తాయెత్తు కట్టింది. నేను కోప్పడి, అమ్మని పట్నంలో ఒక నర్సింగ్ హోముకి తీసుకెళ్ళాను. మూత్రపరీక్ష చేసి పస్ సెల్స్ ఉన్నాయన్నారు. మూడో రోజుకి కల్చర్ రిపోర్టు వచ్చింది: ఈ. కోలై, మిల్లీలీటరుకి లక్షకి పైన. యాంటీబయోటిక్ ఇంజక్షన్లు, సెలైన్ పెట్టారు. ఐదో రోజుకి అమ్మ నా వంక చూసి "ఏరా, కాఫీ తాగావా?" అంది.

నా సంతోషం చెప్పనలవి కాదు. ఆ నెల మా సంఘం సమావేశంలో లేచి నిలబడి "మా పిన్ని చూసిన దయ్యం పేరు ఈ. కోలై! దాన్ని వదిలించిన మంత్రం పేరు యాంటీబయోటిక్!" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత నాలుగైదు ఊళ్ళలో, మూఢనమ్మకాల మీద జరిగిన సభల్లో ఇదే కథ చెప్పాను.

ఆ కథ తప్పని రెండేళ్ళ తర్వాత తెలిసింది. ఆ తప్పేమిటో అర్థం కావాలంటే, మూత్రాన్ని చూసి జబ్బు చెప్పే విద్య ఎక్కడ మొదలై ఎన్ని మలుపులు తిరిగిందో కొంచెం చెప్పుకోవాలి.

మన దేశంతోనే మొదలుపెడదాం. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో మూత్రం అడ్డుపడే రోగాలు, అంటే మూత్రాఘాతాలు 12 రకాలని, మూత్రం కష్టంగా బాధతో వచ్చే మూత్రకృచ్ఛ్రాలు 8 రకాలని రాశారు. మూత్రాఘాతాల్లో వాతాష్ఠీల అని ఒకటుంది. మూత్రాశయానికి, మలద్వారానికి మధ్య రాయిలాంటి గట్టి గడ్డ ఏర్పడి మూత్రాన్ని అడ్డుకుంటుందని వర్ణన. ఇది చదివిన ఏ డాక్టరుకైనా ముసలివయసులో మగవాళ్ళకి ఉబ్బే ప్రోస్టేట్ గ్రంథి గుర్తుకొస్తుంది. మూత్రాశయంలో రాళ్ళని కోసి తీసే శస్త్రచికిత్స కూడా ఆ గ్రంథంలో ఉంది. ఇదంతా కళ్ళతో చూసి, చేత్తో తడిమి, ఏళ్ళ తరబడి పోగుచేసిన జ్ఞానం. దీన్ని గౌరవించడానికి నాకేం అభ్యంతరం లేదు. "మనవాళ్ళకి అప్పుడే అంతా తెలుసు" అనే మాటతోనే పేచీ. వాళ్ళకి తెలిసింది చాలా ఉంది, తెలియనిదీ చాలా ఉంది. ఆ మంటకి కారణం కంటికి కనిపించని జీవులన్న సంగతి వాళ్ళకి తెలిసే మార్గమే లేదు, సూక్ష్మదర్శిని లేదు కాబట్టి.

మరి కొన్ని వందల ఏళ్ళ తర్వాత అదే సంప్రదాయం ఎక్కడికి చేరిందో చూడండి. యోగరత్నాకరం అనే వైద్యగ్రంథంలో తైలబిందు పరీక్ష ఉంది. తెల్లవారుజామున పట్టిన మూత్రంలో గడ్డిపోచతో ఒక నూనె బొట్టు వేస్తారు. బొట్టు చక్కగా విచ్చుకుంటే రోగం నయమవుతుంది, మునిగిపోతే నయం కాదు. అంతటితో ఆగితే సరే. బొట్టు ఏ దిక్కుకి పాకిందో కూడా చూడాలి. తూర్పుకి పాకితే రోగి త్వరగా లేస్తాడు, ఈశాన్యానికి పాకితే నెల రోజుల్లో పోతాడు! (వాస్తు పండితులు ఈశాన్యాన్ని పరమ శుభం అంటారు. ఈ రెండు శాస్త్రాలవాళ్ళు ఒకచోట కూర్చుని ముందు ఆ విషయం తేల్చుకుంటే బాగుంటుంది.) బొట్టు మనిషి ఆకారంలోనో పుర్రె ఆకారంలోనో కనబడితే అది భూతదోషం. అంటే మా పిన్ని "గాలి" కూడా గ్రంథస్థమైన రోగనిర్ణయమేనన్నమాట.

పాపం మన వైద్యులొక్కరినే అనడం న్యాయం కాదు. యునానీ హకీములు ఖారూరా, అంటే మూత్రం పట్టిన సీసా చూడనిదే మందు రాసేవాళ్ళు కాదు. 11వ శతాబ్దంలో ఇబ్న్ సీనా తన గ్రంథంలో మూత్రం రంగు, చిక్కదనం, మడ్డి, వాసన గురించి వివరంగా రాశాడు. తిన్న పదార్థాలు కూడా రంగు మారుస్తాయి కాబట్టి జాగ్రత్తగా చూడాలని హెచ్చరించాడు. యూరప్‌లో మాటులా అనే గాజుబుడ్డి పట్టుకున్న బొమ్మ వేస్తే చాలు, అది వైద్యుడి బొమ్మ అని జనానికి తెలిసిపోయేది. రంగుల చక్రాలు గీసి ఏ రంగుకి ఏ రోగమో రాసిపెట్టారు. పోను పోను రోగిని చూడకుండా, ఎవరో తెచ్చిన సీసా చూసి జబ్బు, దాని గతి, గర్భంలో ఉన్నది ఆడా మగా కూడా చెప్పే స్థితికి వచ్చారు. 1637లో థామస్ బ్రయన్ అనే ఆంగ్లేయుడు వీళ్ళని "మూత్ర ప్రవక్తలు" అని వెక్కిరిస్తూ ఒక పుస్తకమే రాశాడు. సీసా తెచ్చిన మనిషిని మాటల్లో పెట్టి విషయమంతా రాబట్టి, అదంతా మూత్రంలో కనబడినట్టు చెప్పడమే వీళ్ళ విద్య అని బయటపెట్టాడు. మన సోదమ్మ చేసేదీ అదే కదా!

ఈ సోదికి, శాస్త్రానికి మధ్య గీత పడింది 19వ శతాబ్దంలో. 1860లలో లూయీ పాశ్చర్ మూత్రాన్ని సీసాల్లో పోసి ప్రయోగాలు చేశాడు. గాలిలోని సూక్ష్మజీవులు చేరకుండా కాపాడితే అది చెడిపోకుండా ఉంటుందని చూపించాడు. 1881లో మాంచెస్టర్ వైద్యుడు విలియం రాబర్ట్స్ అప్పుడే పట్టిన తాజా మూత్రంలోనూ కొందరు రోగులకి సూక్ష్మజీవులు ఉంటాయని రాశాడు. 1885లో థియోడర్ ఎషెరిక్ పసిపిల్లల మలంలో ఒక బాక్టీరియాని గుర్తించాడు. ఆయన పేరుమీదే అది ఎషెరిషియా కోలై అయింది. మన అందరి పేగుల్లోనూ కాపురముండే ఈ జీవే దారి తప్పి మూత్రాశయంలోకి పాకినప్పుడు ఇబ్బంది పెడుతుంది. మూత్రపు ఇన్ఫెక్షన్లలో ఎక్కువ శాతానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక చిక్కుంది. మూత్రం బయటికి వచ్చే దారిలో, చర్మం మీద ఎప్పుడూ బాక్టీరియా ఉంటాయి. సీసాలో కనబడ్డ బాక్టీరియా మూత్రాశయం లోపలివా, దారిలో అంటుకున్నవా? ఈ ప్రశ్నకి 1956లో బోస్టన్ నగరంలో ఎడ్వర్డ్ కాస్ జవాబు చెప్పాడు. లెక్కపెట్టమన్నాడు. మిల్లీలీటరుకి లక్ష, అంతకు మించి ఉంటే అవి దారిలో అంటుకున్నవి కావు, లోపల పెరుగుతున్నవే. మన రిపోర్టుల్లో ఇప్పటికీ కనబడే ఆ లక్ష అక్కడి నుంచి వచ్చింది.

చాలా మంచి పని. కానీ ఆ సంఖ్య దేనికి జవాబో గమనించండి. "బాక్టీరియా మూత్రాశయంలో నిజంగా ఉందా?" అన్న ప్రశ్నకి జవాబు అది. "ఈ మనిషి జబ్బుకి ఆ బాక్టీరియానే కారణమా?" అన్నది వేరే ప్రశ్న. రెండో ప్రశ్నకి ఆ సంఖ్య దగ్గర జవాబు లేదు. కాస్ ఆ రోజుల్లో ముఖ్యంగా చూసినవాళ్ళు కిడ్నీ ఇన్ఫెక్షన్ రోగులు, గర్భిణులు. గర్భిణుల్లో ఏ లక్షణం లేకపోయినా మూత్రంలో బాక్టీరియా ఉంటే వైద్యం చెయ్యడం మంచిదని ఆయన పరిశోధనల వల్లే తెలిసింది, ఇప్పటికీ అలాగే చేస్తున్నారు. అయితే ఆ గీతనే తీసుకెళ్ళి ఎనభై ఏళ్ళ అవ్వలకీ తాతలకీ కూడా గీశారు. తప్పు అక్కడ మొదలైంది.

ఇప్పుడు మళ్ళీ మా ఇంటికి వస్తాను.

2013లో అమ్మకి మళ్ళీ అలాగే అయింది. అదే మతిమాలిన మాటలు, అవే చీమలు. ఈసారి నాకు అనుమానమే లేదు. నేనే డాక్టరుకి చెప్పాను, "యూరిన్ ఇన్ఫెక్షన్ సార్, పోయినసారీ ఇదే" అని. కల్చర్‌లో మళ్ళీ ఈ. కోలై వచ్చింది. వారం రోజులు యాంటీబయోటిక్ వాడాం. అమ్మ తేరుకోలేదు సరికదా, విరేచనాలు పట్టుకుని మంచం దిగలేని స్థితికి వచ్చింది. అప్పుడు వేరే ఊళ్ళో ఒక పెద్ద డాక్టరుకి చూపించాం. ఆవిడ కల్చర్ రిపోర్టు చూసి పక్కన పెట్టేసింది. "మూత్రం పోసేటప్పుడు మంట ఉందా? కొత్తగా మాటిమాటికీ వెళ్ళాల్సి వస్తోందా? జ్వరం, వణుకు, నడుము పక్కన నొప్పి?" అని అడిగింది. ఏదీ లేదు. "ఏ మాత్రలు వాడుతున్నారు?" అంది. బీపీకి వాడే నీళ్ళ ట్యాబ్లెట్ చూపించాం. రక్తపరీక్ష చేయిస్తే సోడియం 116. ఉండాల్సింది 135 పైన. నీళ్ళ ట్యాబ్లెట్ మానిపించి, సోడియం మెల్లగా పెంచుకుంటూ వచ్చారు. నాలుగైదు రోజుల్లో అమ్మ మామూలు మనిషయింది.

ఇంటికొచ్చాక 2011 నాటి ఫైలు తీసి చూశాను. రెండో కాగితంలో రాసి ఉంది: సోడియం 119. ఎవరూ దాని మీద వేలు పెట్టలేదు. ఆ ఐదు రోజులూ సెలైన్ ఎక్కింది, బీపీ తక్కువగా ఉందని ఆ ట్యాబ్లెట్ కూడా ఆపారు. అమ్మ తేరుకున్నది వాటివల్లేనని ఇప్పుడు ప్రమాణం చేసి చెప్పలేను. కానీ యాంటీబయోటిక్ వల్లేనని అన్ని సభల్లో అంత గట్టిగా చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదని మాత్రం తెలిసింది. ఇంటికొచ్చాక డిశ్చార్జి చీటీ ప్రకారం అదే ట్యాబ్లెట్ మళ్ళీ మొదలుపెట్టింది కూడా నేనే.

కాకి వాలింది, తాటిపండు పడింది. కాకతాళీయం అని మనవాళ్ళు ఎప్పుడో పేరు పెట్టిన తప్పు ఇదే. మొరార్జీ దేశాయ్ తన మూత్రం తాను తాగేవాడు. ప్రధానిగా ఉండగానే 1978లో అమెరికా టెలివిజన్ ముందు ఆ మాట ఒప్పుకున్నాడు. 99 ఏళ్ళు బతికాడు. "చూశారా, మూత్రం మహిమ!" అని శివాంబు చికిత్సవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. వాళ్ళని నేనెన్నిసార్లు ఎగతాళి చేశానో లెక్కలేదు. ఇంజక్షన్ ఇచ్చారు, అమ్మ లేచింది, కాబట్టి ఇంజక్షన్ వల్లే లేచింది అన్న నా వాదనకి, వాళ్ళ వాదనకి తేడా ఏముంది? ఆలోచిస్తే ఏమీ లేదు. నాది ల్యాబ్ ముద్ర ఉన్న కాగితం, అంతే.

తర్వాత నేను చదివి తెలుసుకున్నది ఏమిటంటే, ఈ విషయం వైద్యశాస్త్రానికి అప్పటికే ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. కెనడాలోని విన్నిపెగ్‌లో లిండ్సే నికోల్ అనే వైద్యురాలు వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో ఉన్నవాళ్ళ మీద పరిశోధన చేసింది. 1983లో మగవాళ్ళ గురించి, 1987లో ఆడవాళ్ళ గురించి ఫలితాలు వచ్చాయి. మూత్రంలో బాక్టీరియా ఉండి, లక్షణాలు ఏవీ లేనివాళ్ళని చీట్లు వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి యాంటీబయోటిక్ ఇచ్చారు, రెండో గుంపుకి ఇవ్వలేదు. మందు ఇచ్చినవాళ్ళకి అదనంగా ఒరిగింది ఏమీ లేదు. ఆడవాళ్ళ అధ్యయనంలో మందు వాడినవాళ్ళకే దుష్ఫలితాలు ఎక్కువ, మళ్ళీ వచ్చిన బాక్టీరియా మందులకి లొంగనిది. 1994లో, ఇళ్ళల్లో తిరుగుతూ ఆరోగ్యంగా ఉన్న వృద్ధ స్త్రీల మీద అమెరికాలో మరో అధ్యయనం వచ్చింది. ఈ బాక్టీరియాకి వైద్యం చేస్తే మరణాలు తగ్గుతాయా అన్నది ప్రశ్న. తగ్గలేదు.

అసలు ముసలివాళ్ళలో ఇది ఎంత మామూలు విషయమో ఈ లెక్కలు చూస్తే తెలుస్తుంది. బయట తిరుగుతూ బాగానే ఉన్న 70 దాటిన ఆడవాళ్ళలో దాదాపు 11 నుంచి 16 శాతం మందికి, సంరక్షణ కేంద్రాల్లో ఉండే ఆడవాళ్ళలో 25 నుంచి 50 శాతం మందికి, మగవాళ్ళలో 15 నుంచి 40 శాతం మందికి ఏ బాధా లేకుండానే మూత్రంలో బాక్టీరియా ఉంటుంది. నెలల తరబడి యూరిన్ పైపు ఉన్నవాళ్ళలో అయితే నూటికి నూరు మందికీ ఉంటుంది. అంటే, మతి తప్పిన ఒక ముసలమ్మని, ఎదురింట్లో హాయిగా వత్తులు చేసుకుంటున్న ముసలమ్మని పక్కపక్కన కూర్చోబెట్టి పరీక్ష చేస్తే ఇద్దరికీ ఈ. కోలై కనబడవచ్చు. పస్ సెల్స్ కూడా కనబడవచ్చు. రిపోర్టు "తప్పు" కాదు. మనం దానికి చెప్పుకునే అర్థం తప్పు.

అమెరికా అంటువ్యాధుల వైద్యుల సంఘం 2005లో ఈ విషయంపై మార్గదర్శకాలు రాసింది. 2019లో వాటిని సవరిస్తూ ఇంకా స్పష్టంగా చెప్పింది: ముసలివాళ్ళకి హఠాత్తుగా మతిభ్రమ వచ్చి, మూత్రంలో బాక్టీరియా కనబడి, మూత్ర సంబంధమైన బాధలు కానీ జ్వరంలాంటివి కానీ లేకపోతే, వెంటనే యాంటీబయోటిక్ మొదలుపెట్టకుండా వేరే కారణాలు వెతుకుతూ జాగ్రత్తగా గమనించడం మేలు. గర్భిణులు, మూత్రమార్గంలో రక్తం వచ్చేలాంటి ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళు మినహాయింపు.

యూరిన్ పైపు గురించి కూడా ఒక మాట. లోపల చిన్న బెలూన్ ఉబ్బి జారిపోకుండా నిలిచే ఈ పైపుని 1930లలో ఫ్రెడరిక్ ఫోలీ అనే అమెరికన్ డాక్టరు ప్రచారంలోకి తెచ్చాడు. ఎందరో ప్రాణాలు నిలబెట్టిన పరికరం. కానీ 1958లోనే పాల్ బీసన్ అనే ప్రముఖ వైద్యుడు, అవసరం లేకుండా పైపు వెయ్యకండని సాటి డాక్టర్లని హెచ్చరిస్తూ సంపాదకీయం రాశాడు. పైపు ఉన్న ప్రతి రోజూ కొత్తగా 3 నుంచి 7 శాతం మందికి బాక్టీరియా చేరుతుందని తర్వాత లెక్క తేలింది. ఇప్పటికీ మన ఆసుపత్రుల్లో పక్క మార్చే మనిషి లేరని, తీసేద్దామని గుర్తు చేసేవాళ్ళు లేరని ముసలివాళ్ళకి పైపు అలా ఉండిపోతుంది.

"పోనీలే, అవసరం లేకపోయినా ఒక కోర్సు వాడితే పోయేదేముంది?" అని చాలామంది అంటారు. తాయెత్తు విషయంలోనూ ఇదే మాట అంటారు, "కట్టుకుంటే పోయేదేముంది?" అని. ఈ రెండో కథ కొంచెం మన తెలుగువాళ్ళ కథ కూడా.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో లెడర్లే కంపెనీలో 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు. మనుషులు ఫోలిక్ ఆమ్లాన్ని ఆహారం నుంచి తీసుకుంటారు, చాలా బాక్టీరియాలు మాత్రం తమకి కావలసింది తామే తయారుచేసుకుంటాయి. ఆ తయారీలో ఒక మెట్టుని సల్ఫా మందులు విరగ్గొడతాయి. తర్వాతి మెట్టుని విరగ్గొట్టే ట్రైమెథోప్రిమ్‌ని కనిపెట్టింది జార్జ్ హిచింగ్స్ బృందం. ఈ హిచింగ్స్ హార్వర్డ్‌లో ఫిస్కే, సుబ్బారావుల ప్రయోగశాలలో పనిచేసినవాడే, 1988లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఈ రెండు మందులూ కలిపిన మాత్ర 1960ల చివర బజారులోకి వచ్చింది. సెప్ట్రాన్ అంటే మన ఇళ్ళల్లో తెలియనివాళ్ళు లేరు. మూత్రపు ఇన్ఫెక్షన్లకి ఎన్నో ఏళ్ళు అదే దిక్కు. తర్వాత 1980ల చివర సిప్రోఫ్లాక్సాసిన్ వచ్చింది. 1970 పేటెంట్ చట్టం వల్ల మన కంపెనీలు వేరే పద్ధతిలో అదే మందుని చవగ్గా తయారుచెయ్యగలిగాయి. హైదరాబాదు చుట్టుపక్కల బల్క్ డ్రగ్ పరిశ్రమ అలాగే ఎదిగింది. పేదవాడికి అందే ధరకి మందు దొరకడం చిన్న విషయం కాదు, నేను దాన్ని తక్కువ చెయ్యను.

కానీ 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు వచ్చే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి అయ్యాక బయటికి వదిలే నీళ్ళని పరీక్షించారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది! ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఇది ఎక్కువ. అలాంటి నీళ్ళలో బతికి బట్టకట్టే బాక్టీరియా ఏ రకంగా తయారవుతుందో చెప్పక్కర్లేదు.

మరుసటి ఏడాదే, 2008 జనవరిలో, స్వీడన్‌లో భారత సంతతికి చెందిన 59 ఏళ్ళ రోగి మూత్రంలో ఒక క్లెబ్సియెల్లా బాక్టీరియా దొరికింది. అంతకుముందు ఆయన ఇండియాలో, చివరగా ఢిల్లీలో ఆసుపత్రిలో ఉన్నాడు. ఆఖరి అస్త్రంగా దాచుకునే కార్బపెనెమ్ మందులకి కూడా ఆ బాక్టీరియా లొంగలేదు. అందుకు కారణమైన ఎంజైముకి న్యూఢిల్లీ పేరు పెట్టి, ఎన్‌డీఎమ్-1 అని 2009లో ప్రచురించారు. అదే జన్యువు ఆయన మలంలోని ఈ. కోలైలో కూడా ఉంది. అంటే ఒక జాతి నుంచి ఇంకో జాతికి దూకగలదన్నమాట. 2010 ఆగస్టులో, మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన కార్తికేయన్ కుమారస్వామి మొదటి రచయితగా, భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, బ్రిటన్లలో ఇది ఎలా ఉందో లాన్సెట్ వారి పత్రికలో వచ్చింది.

మన దేశంలో ఏం గొడవ జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన వైద్య పర్యాటకం మీద విదేశీ కుట్ర అని పార్లమెంటులో కేకలు. రాజధాని పేరు పెడతారా అని ఆగ్రహం. పేరు విషయంలో ఆ కోపం అన్యాయమేమీ కాదు, ఆ పేరు పెట్టడం పొరపాటేనని 2011లో లాన్సెట్ సంపాదకుడే ఒప్పుకున్నాడు. కానీ పేరు మీద పెట్టిన శ్రద్ధలో పదోవంతు నీళ్ళ మీద పెట్టలేదు. 2011లో ఢిల్లీలో పరీక్షించిన 50 కుళాయి నీటి నమూనాల్లో రెండింటిలో, వీధుల్లో నిలిచిన 171 మురుగునీటి నమూనాల్లో 51లో ఆ జన్యువు దొరికింది. జాతీయాభిమానం బాక్టీరియాకి మందు కాదు. 2014 మార్చి 1 నుంచి కొన్ని యాంటీబయోటిక్‌లని షెడ్యూల్ హెచ్1లో చేర్చి, చీటీ లేకుండా అమ్మకూడదని, అమ్మిన ప్రతిసారీ రిజిస్టరులో రాయాలని నిబంధన తెచ్చారు. ఆ నిబంధన మీ వీధి చివర మందుల షాపులో ఎంతవరకు అమలవుతోందో మీకే తెలుసు.

కాబట్టి "పోయేదేముంది?" అన్న ప్రశ్నకి జవాబు ఇది. అనవసరంగా వాడిన ప్రతి కోర్సూ, నిజంగా ఇన్ఫెక్షన్ వచ్చిన రోజున పనిచెయ్యాల్సిన మందుని మొద్దుబారుస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి. సిప్రో జాతి మందులు ముసలివాళ్ళలో కండర బంధనాలని తెంపగలవు, మతిభ్రమని తామే తేగలవు. అన్నిటికంటే పెద్ద నష్టం, ఒక కారణం దొరికిందనుకుని అసలు కారణం వెతకడం మానెయ్యడం. మా ఇంట్లో జరిగింది అదే.

ఇది చదివి ఎవరూ డాక్టరు ఇచ్చిన మందు మానెయ్యవద్దు. ముసలివాళ్ళలో నిజమైన మూత్రపు ఇన్ఫెక్షన్ ప్రాణాంతకం కాగలదు. కొత్తగా మంట, మాటిమాటికీ వెళ్ళాల్సి రావడం, మూత్రంలో రక్తం, జ్వరం, వణుకు, నడుము పక్కన నొప్పి, బీపీ పడిపోవడం, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. నేను చెప్పేది ఇంతే: మన పెద్దవాళ్ళకి హఠాత్తుగా మతి తప్పితే, అది దయ్యమూ కాదు, "ముసలితనం అంతే" అని వదిలేసే విషయమూ కాదు, దానంతటదే మూత్రంలో ఇన్ఫెక్షనూ కాదు. సోడియం, షుగరు, న్యుమోనియా, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర, మలబద్ధకం, మూత్రం బిగుసుకుపోవడం, తుంటి విరగడం, పక్షవాతం, ఇవన్నీ ఆ వేషంలోనే వస్తాయి. వాడుతున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసి డాక్టరు ముందు పెట్టండి. బాధ లేనప్పుడు "ఎందుకైనా మంచిది" అని యూరిన్ కల్చర్ చేయించకండి. పైపు వేస్తే ఎప్పుడు తీస్తారో రోజూ అడగండి. నీళ్ళు తాగితే రాత్రి లేవాల్సి వస్తుందని మన అమ్మలు గుక్కెడు నీళ్ళు కూడా తాగకుండా పడుకుంటారు. మంచానికి దగ్గరగా బాత్‌రూమ్, దారిలో ఒక దీపం ఏర్పాటు చేస్తే ఆ భయం తగ్గుతుంది.

అమ్మ 2017లో పోయింది, 87 ఏళ్ళకి, నిద్రలో. 2013 తర్వాత ఆమెకి మళ్ళీ చీమలు కనబడలేదు.

మా పిన్నికి గాలి మీద నమ్మకం ఇంకా పోలేదు, నేను వాదిస్తూనే ఉన్నాను. అయితే ఇప్పుడు వాదించేటప్పుడు నా గొంతు కొంచెం తగ్గింది. నూనె బొట్టు ఆకారంలో భూతాన్ని చూసిన వైద్యుడూ, కల్చర్ రిపోర్టులో సమాధానమంతా చూసిన నేనూ ఒకే పొరపాటు చేశాం, కనబడినదాన్నే కారణం అనుకున్నాం. శాస్త్రం చేతిలో ఉన్న పనిముట్టు మెరుగైనంత మాత్రాన పట్టుకున్నవాడు శాస్త్రీయంగా ఆలోచిస్తున్నాడని కాదు. అయితే శాస్త్రంలో ఒక సౌకర్యం ఉంది. కాస్ గీసిన గీత ఎక్కడ పనికిరాదో ఇంకో శాస్త్రవేత్త పరీక్ష పెట్టి చూపించగలిగింది, పుస్తకాలు మార్చి రాసుకున్నారు. ఈశాన్యానికి పాకిన నూనె బొట్టు విషయంలో అలా జరగలేదు.

2011లో ఆ సమావేశంలో చప్పట్లు కొట్టిన మిత్రులకి నేనొక సవరణ బాకీ పడ్డాను. ఆ కథ ఇంకెవరికైనా చెప్పి ఉంటే, దయచేసి ఇది కూడా చెప్పండి.